ఫిడేలు ఆగే చోటు

శనివారం భోజనాల వేళ దాటాక హీహిర్ పబ్బులో కిటికీ పక్క బల్ల చుట్టూ వాయించేవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. బయట సముద్రం మీంచి సన్నటి తుంపర పడుతోంది. పొయ్యిలో మట్టిబొగ్గు ఇటుకలు అంటుకోనా మాననా అన్నట్టు పొగలు కక్కుతున్నాయి. కౌంటరు వెనక నిలబడ్డ ఊనాకి ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో తలెత్తి చూడనక్కర్లేదు. గోడవారగా మాలకీ కిల్లూరీ, ఒళ్ళో కొయ్య ఫ్లూటు. అతని పక్కన ఫిడేళ్ళ అన్నదమ్ములిద్దరూ, ఊళ్ళోవాళ్ళు పెద్ద ఫిడేలు, చిన్న ఫిడేలు అని పిలిచేవాళ్ళు. వాళ్ళ కాళ్ళ దగ్గర ఎవరిదో కుక్క. భర్త ఉన్నన్నాళ్ళూ అతనితో కలిసీ, పోయాక ఒక్కతే, ఊనా వాళ్ళకి పోస్తూనే ఉంది, వాళ్ళు వాయించింది వింటూనే ఉంది. ఆ బల్ల దగ్గర ఒక్కసారీ కూర్చోలేదు. పెళ్ళికి ముందు ఆమె కాన్సర్టీనా అనే చిన్న తిత్తి వాద్యం వాయించేదని ఊళ్ళో పెద్దవాళ్ళకి తెలుసు. అడిగి అడిగి మానేశారు.

ఆ మధ్యాహ్నం ఒక కొత్త మనిషి వచ్చింది. ముప్ఫై దాటిన ఆడమనిషి, వెడల్పాటి భుజాలు, తడిసిన కోటు, చేతిలో ఫిడేలు పెట్టె. బల్లకి అడుగు దూరంలో ఆగి, వాయిస్తున్నది పూర్తయ్యేదాకా నిలబడే ఉంది.

"ఇక్కడ కూర్చోవచ్చా?" అంది. యాస ఇంగ్లండుది.

మాలకీ పక్క కుర్చీ మీంచి తన టోపీ తీశాడు. "కూర్చో. వాయించడానికా, వినడానికా?"

"రెండూ కొంచెం కొంచెం."

"అయితే మా జాతిదానివే."

ఆమె తొందరపడలేదు. వచ్చినవి వాళ్ళతో కలిసి మెల్లగా వాయించింది. రానివాటికి ఫిడేలు మోకాలి మీద నిలబెట్టుకుని విన్నది. ఆ పద్ధతి ఊనాకి నచ్చింది. టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి వచ్చి, అన్నదమ్ముల్లో పెద్దవాడికి నల్లబీరు పోయడం మొదలుపెట్టింది. గ్లాసు వంచి ముప్పాతిక దాకా పోసి, నురగ తేరుకోవడానికి పక్కన పెట్టింది.

"నువ్వొకటి ఎత్తుకో అమ్మాయీ," అన్నాడు మాలకీ.

ఆమె కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

ఊనా గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. మీట తిప్పింది. రెండో వరసకి వచ్చేసరికి ఆమె చెయ్యి ఎక్కడుందో ఆమెకి తెలియలేదు. ఆ బాణీ పబ్బులో ఎవరూ విన్నది కాదు. ఏ నాట్యాల్లోనూ, ఏ పెళ్ళిలోనూ మోగింది కాదు. ఒకే ఒక్క వంటింట్లో, తలుపులేసి ఉన్నప్పుడు, తన అన్న సెనన్ కట్టిన బాణీ. బాణీ రెండో భాగంలో, అంటే తిరగవేతలో, మొదటి సగం అయ్యాక, సరిగ్గా ఆ చోట, కొత్తమనిషి కమాను తీగల మీంచి లేచింది. పాదం నేలమీద తాళం వేస్తూనే ఉంది. ఒక ఊపిరి పీల్చుకునేంత సేపు ఫిడేలు లేదు, తాళమే ఉంది. తర్వాత కమాను మళ్ళీ దిగింది. రెండోసారి తిరిగినప్పుడూ అంతే. మూడోసారీ అంతే.

నల్లబీరు గ్లాసు అంచు దాటి ఊనా మణికట్టు మీంచి కారి చొక్కా చేతిలోకి దిగింది.

"బాగుంది," అన్నాడు పెద్ద ఫిడేలు. "మధ్యలో ఓ పన్ను ఊడినట్టుంది గాని."

అంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "మా నాన్న అలాగే నేర్పాడు. అక్కడ నేను సొంతంగా ఏదైనా వేస్తే కమాను పెట్టి వేళ్ళమీద తట్టేవాడు. అది నీ చోటు కాదు, ఊరుకో అనేవాడు."

"ఎక్కడివాడేంటి మీ నాన్న?" అన్నాడు పెద్ద ఫిడేలు.

"ఈ జిల్లావాడినని అమ్మతో అన్నాడట. ఊరి పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పలేడు. పోయిన చలికాలం పక్షవాతం వచ్చి మాట పడిపోయింది." ఆమె కమాను మర బిగించింది, మళ్ళీ వదులు చేసింది. "నేను కోవెంట్రీలో బస్సు నడుపుతాను. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, ఈ తీరం వెంట ఒక్కో ఊళ్ళో ఈ బాణీ వాయిస్తున్నా. ఎవరైనా తలెత్తి చూస్తారేమోనని."

ఊనా తల దించుకుని కౌంటరు తుడుస్తోంది.

"పేరేంటి మీ నాన్నది?" అని అడిగాడు మాలకీ.

"ఫెర్గల్. ఫెర్గల్ కిల్లూరీ. నేను మరియన్."

మాలకీ నోటిదాకా తీసుకెళ్ళిన గ్లాసుని అలాగే కిందికి దించాడు. బల్లమీద పెట్టే చోటు దొరక్క గాల్లోనే కాసేపు పట్టుకున్నాడు.

దాదాపు నలభై ఏళ్ళ కిందట ఇద్దరు కుర్రాళ్ళు పీతల బుట్టలు ఎత్తడానికి తారు పూసిన గుడ్డతో కట్టిన చిన్న పడవ వేసుకుని సముద్రం మీదికి వెళ్ళారు. ఒకడు ఫెర్గల్, మాలకీ తమ్ముడు. రెండోవాడు సెనన్, ఊనా అన్న. సాయంత్రం పడవ బోర్లాపడి ఒడ్డుకొచ్చింది. మనుషులు రాలేదు. శవాలూ రాలేదు. శ్మశానంలో రెండిళ్ళవాళ్ళూ కలిసి ఒకే రాయి నిలబెట్టి ఇద్దరి పేర్లూ చెక్కించారు.

"పొడుగు మనిషా?" అన్నాడు మాలకీ.

"పొడుగే."

"కళ్ళు నీలమా?"

"నీలమే."

ఆ ఊళ్ళో సగంమంది పొడుగువాళ్ళే, అందరివీ నీలి కళ్ళే. కాని ఆ మాట అనే మనిషి లేడక్కడ. "ఫోటో ఉందా?" అని చిన్న ఫిడేలు అడిగితే, తండ్రి ఫోటోలకి నిలబడేవాడు కాదని చెప్పింది మరియన్. పెళ్ళినాటి ఫోటోలో కూడా తల తిప్పేసుకున్నాడట.

"మరి తిరిగి ఎందుకు రాలేదు?" అన్నాడు చిన్న ఫిడేలు.

దానికి జవాబు మాలకీయే చెప్పాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఎలా వస్తాడ్రా? తను బతికి, సెనన్ పోయాడు. సెనన్ వాళ్ళమ్మ ముఖం ఎలా చూస్తాడు?" ఊనా వైపు తిరిగాడు. "అదే అయ్యుంటుంది, కదా ఊనా? మీ అమ్మ ముఖం చూడలేకే."

తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ, "అయ్యుండొచ్చు," అంది ఊనా.

మరియన్ పబ్బు పై గదిలోనే దిగింది. ఆ రాత్రి ఊనాకి నిద్ర పట్టిందో లేదో ఆమెకే తెలియదు. గోడ అవతల ఆ అమ్మాయి అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపించింది. నడక ఆగాక పాదం తాళం వేస్తున్న చప్పుడు వినిపించింది. లేచి కూర్చుంటే అది చూరు నుంచి పడుతున్న వాననీళ్ళు.

ఆదివారం చలికాలం కోసం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పే రోజు. మనుషులు పాత అలవాటునే లేచారు, చర్చి గంట మాత్రం మోగలేదు. ఊనా పెనం మీద పంది మాంసం ముక్కలు వేయించి, ఆ కొవ్వులోనే గుడ్లు కొట్టి, మరియన్ ముందు పళ్ళెం పెట్టింది. ఎదురుగా కూర్చుని రొట్టె కోస్తూ అడిగింది.

"ఆ ఆగే చోట మీ నాన్న ఏం చేస్తాడు?"

"చేసేవాడు అనాలి. ఇప్పుడు చేతులు రావు." మరియన్ టీలో పాలు పోసుకుంది. "ఎడమవైపు చూసేవాడు. కిందికి, ఇలాగ, పక్కన ఎవరో పొట్టిపీట మీద కూర్చున్నట్టు. చిన్నప్పుడు నాకు భయమేసేది. అమ్మకీ భయమే. ఆ పక్కన కుర్చీ వేయనిచ్చేది కాదు."

కత్తి రొట్టెలో సగం దాకా దిగి ఆగింది.

"సముద్రం గురించి ఏమైనా చెప్పేవాడా?"

"ఆ పేరెత్తితే గదిలోంచి లేచిపోయేవాడు. ఒక్కసారి కూడా మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్ళలేదు. స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టనిచ్చేవాడు కాదు." మరియన్ నవ్వబోయి మానేసింది. "మంచివాడేనండి. తాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు. ఇంట్లో ఉన్నా ఇంకెక్కడో ఉన్నట్టుండేవాడు, అంతే."

"తిను, చల్లారిపోతోంది," అంది ఊనా.

ఆమె లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. నీళ్ళు కాలిపోతున్నా చేతులు తీయలేదు. తుఫాను వచ్చిన ప్రతి తెల్లవారీ అమ్మ చేతికర్ర పుచ్చుకుని ఒడ్డుకి వెళ్ళేది. అలలు తెచ్చి పడేసిన నాచు కుప్పల్ని ఒక్కొక్కటే కర్రతో తిరగదీసి చూసేది. నడుము వంగిపోయాక కూడా వెళ్ళింది. ఆఖర్న మంచం పట్టినప్పుడు ఊనాని పంపేది. ఆ తల్లి నాచు తిరగదీస్తున్న తెల్లవారుజాముల్లో సెనన్ కోవెంట్రీలో చొక్కా వేసుకుని, టీ తాగి, పనికి వెళ్ళాడు. చనిపోయినవాడి పేరు పెట్టుకుని వెళ్ళాడు. ఎందుకా పేరు? తను చచ్చిపోయి ఫెర్గల్‌ని బతికించాలనుకున్నాడా? లేక మొదటి మేస్త్రీ పేరు అడిగినప్పుడు నోటికి అదొక్కటే వచ్చిందా?

చర్చి అయ్యాక మాలకీ పెరటి తలుపు తోసుకుని వచ్చాడు. జుట్టు కత్తిరించుకున్నాడు. మెడ వెనక ఎర్రగా, కోడిపిల్ల మెడలా ఉంది.

"ఎవడు కత్తిరించాడు, గొర్రెల కత్తెరతోనా?" అంది ఊనా.

"వదినే. ఆవిడ చేతులు వణుకుతున్నాయి, నా తల వణుకుతోంది. ఇద్దరం కలిసి ఇలా చేశాం." కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. "మంగళవారం పొద్దున బస్సుకి వెళ్తున్నా. మరియన్‌తోనే. అక్కణ్ణుంచి ఓడ. నేను ఓడ ఎక్కి ఎరగను, తెలుసా? సముద్రం పక్కన పుట్టి."

"తెలుసు."

"ఇందాక వెళ్ళి అమ్మకి చెప్పొచ్చా. ఆవిడ సమాధి దగ్గర. జనం చూస్తున్నారని మెల్లగా చెప్పా." చేతిలో టోపీని గుండ్రంగా తిప్పుతున్నాడు. "రాయి చెక్కే అతన్ని కూడా అడిగా. ఫెర్గల్ పేరు తీసేయొచ్చట. గీసేసి నునుపు చేస్తాట్ట. సెనన్ పేరొక్కటే ఉంటుంది. నీకేం బాధ లేదుగా ఊనా? నాకే తప్పు చేస్తున్నట్టుంది. నాకు దొరికాడు, నీకు దొరకలేదు."

ఊనా గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఇప్పుడు చెప్పాలనుకుంది. నోరు తెరిచింది.

"ఆ ఆపడం ఉంది చూడు," అన్నాడు మాలకీ, "రాత్రంతా ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఫెర్గల్ మా పశువుల కొట్టంలో అలాగే వాయించేవాడు. మధ్యలో ఆపేసి నావైపు చూసి నవ్వేవాడు. అంతా గుర్తొచ్చింది నాకు."

లేని జ్ఞాపకం అతని ముఖంలో దీపం పెట్టినట్టు వెలుగుతోంది. ఊనా నోరు మూసుకుంది.

"తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకో," అంది. "దానికి మెడ దగ్గర చిరుగుంది. చూసుకో."

అతను వెళ్ళాక ఆమె పైకి వెళ్ళి బీరువా మీంచి పెట్టె దింపింది. ఆరుమూలల చిన్న పెట్టె, పైన తోలు బిరుసెక్కిపోయింది. లోపల కాన్సర్టీనా. రెండు చేతుల మధ్య పట్టుకుని లాగితే తిత్తి మడతలోంచి ముసలి గొర్రె దగ్గినట్టు గాలి పోయింది. వేలు పెట్టి తడిమి చూసింది. రెండు మడతలు ఎలక కొరికింది. పాత చేతి తొడుగు బొటనవేలు కత్తిరించి, ఆ తోలుని కత్తి అంచుతో గీకి పల్చన చేసింది. గోధుమపిండి జిగురు కాచి పట్టీలు అంటించి, మడతలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్య పేకముక్కలు దోపి పెట్టింది. ఆరేలోపు మరలు విప్పి చివర చెక్క ఊడదీసింది. లోపల స్వరాలు పలికే సన్నటి ఇత్తడి నాలుకలు వరసగా ఉన్నాయి. ఒకటి చిలుము పట్టి అతుక్కుపోయింది. దాని కింద సన్నటి కాగితం పోనిచ్చి, అటూ ఇటూ లాగి, ఊదింది. అది మూలిగింది. మళ్ళీ ఊదింది. స్వరం పలికింది.

ఈ గదిలో కాదు, ఆ వంటింట్లో పలికినట్టే ఉంది. తను పొట్టిపీట మీద, కుడిపక్కన సెనన్ మోకాలు, పైనుంచి వాడి చూపు. ఇప్పుడు నీ వంతు అనే చూపు. ఆరు స్వరాల మెలిక తనది. అది ఫిడేలు మీద పలకదు, నీ పెట్టెలోనే పలుకుతుంది అని అక్కడ కమాను ఎత్తేవాడు. ఇన్నేళ్ళూ, ఆ చలి ఊళ్ళో, ఎవరూ లేని ఎడమపక్కకి అలా చూస్తూ ఎత్తుతూనే ఉన్నాడన్నమాట.

ఏడుపు రాలేదు. కోపమూ పోలేదు. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. అమ్మ పోయింది, రాయి ఉంది, రాయి మీద మచ్చలేని అన్న ఉన్నాడు. మాలకీకి తమ్ముడు దొరుకుతాడు. కాని మాలకీ వెళ్తాడు. ఓడ దిగి, తెల్ల చొక్కాతో, ఆ మంచం పక్కన నిలబడతాడు. ముసలితనం ఎంత మార్చినా అది తమ్ముడి ముఖం కాదని చూడగానే తెలుసుకుంటాడు. పరాయి ఊళ్ళో, ఒక్కడూ, ఆ సంతోషమంతా చేతిలో పట్టుకుని.

సోమవారం ఊరందరికీ సెలవు. మధ్యాహ్నానికి పబ్బు నిండిపోయింది. మాలకీ ఇంగ్లండు వెళ్తున్నాడని అందరికీ తెలుసు. ఎవరో వీపు తడుతున్నారు, ఎవరో గ్లాసులు కొనిస్తున్నారు. కిటికీ బల్ల దగ్గర నాట్యపు బాణీలు ఒకదాని తర్వాత ఒకటి వేడిగా సాగుతున్నాయి. మాలకీ ఫ్లూటు ఎన్నడూ లేనంత హుషారుగా ఉంది.

ఊనా నడుముకి కట్టిన గుడ్డ విప్పి మేకుకి తగిలించింది. కౌంటరు పని పక్కింటావిడకి అప్పజెప్పి, పెట్టె తీసుకుని జనంలోంచి వచ్చింది. ఆమె చేతిలో ఏముందో చూసి ఒకరి తర్వాత ఒకరు మాట ఆపేశారు. మరియన్ ఎడమపక్కన కూర్చున్న కుర్రాణ్ణి లేపి, ఆ స్టూలు మీద కూర్చుంది.

"నీ బాణీ వాయించు," అంది.

"నాదా?"

"మీ నాన్నది."

మరియన్ ఆమె ముఖం చూసింది. ఎత్తుకుంది. ఊనా మోకాలి మీద కాన్సర్టీనా ఆనించి కూర్చుంది, లాగలేదు. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. తిరగవేత వచ్చింది. కమాను లేచింది. పాదం తాళం వేస్తోంది. ఊనా తిత్తి లాగి ఆ ఆరు స్వరాలూ ఖాళీలో పెట్టింది. మూడోది బొంగురుపోయింది. ఆరోది కమాను కిందే సరిగ్గా దిగింది, తలుపు గడియలో పడ్డట్టు.

మరియన్ కళ్ళు తెరిచింది. కమాను మాత్రం ఆగలేదు. రెండోసారి ఆ చోటికొచ్చేసరికి, తండ్రి చూసినట్టే, తెలియకుండానే ఎడమవైపు కిందికి చూసింది. అక్కడ ఊనా ఉంది. రెండోసారి స్వరాలు బొంగురుపోలేదు.

అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాలకీ ఊనా వేళ్ళ వైపే చూస్తున్నాడు.

"అది ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా వంటింట్లో."

"మా ఫెర్గల్ మీ ఇంటికొచ్చి వాయించేవాడా?" ఆ ప్రశ్నలో ఇంకా కొంచెం ఆశ ఉంది.

"లేదు మాలకీ. ఇది మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. సెనన్ కట్టాడు. నేను వాడి ఎడమపక్కన కూర్చునేదాన్ని. అక్కడ వాడు నాకోసం ఆపేవాడు." ఆమె తిత్తి మూసింది. "శనివారమే చెప్పాల్సింది. నోరు రాలేదు."

మాలకీ ఫ్లూటుని మూడు ముక్కలుగా విప్పాడు. ఒక్కో ముక్కలోంచీ గుడ్డ దూర్చి తేమ తుడిచాడు. తొందరేమీ లేనట్టు, రోజూ చేసినట్టే. పెట్టెలో సర్ది, మూత వేసి, టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళాడు. జనం దారిచ్చారు. కత్తిరించిన మెడ వెనక ఎరుపు తలుపు దాకా కనిపించింది.

"నాకు అర్థం కాలేదు," అంది మరియన్. ముఖం పాలిపోయింది. "మా నాన్న పేరు ఫెర్గల్ కాదా?"

"రా, లోపలికి రా," అంది ఊనా. "నేను నీ మేనత్తని. చెప్తాను."

మంగళవారం పొద్దున తుంపర లేదు. గాలి మాత్రం ఈడ్చి కొడుతోంది. పబ్బు తలుపుకి తాళం వేసి, తనూ సంచీ సర్దుకుని, ఊనా మరియన్‌తో పాటు పాలడిపో గోడ దగ్గర బస్సు కోసం నిలబడింది. రాత్రంతా ఇద్దరూ మాట్లాడుకున్నారు. మరియన్ ఫిడేలు పెట్టెని రెండు చేతులతో పొదివి పట్టుకుంది. ఇంతకు ముందు అలా పట్టుకోలేదు.

బస్సు మలుపు తిరుగుతుండగా మాలకీ కిందినుంచి వచ్చాడు. చర్చికి వేసుకునే సూటు, తెల్ల చొక్కా, మెడ దగ్గర కుట్టు కనిపిస్తోంది. చేతిలో తాడుతో కట్టిన పెట్టె. వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. ముఖం రాత్రికి రాత్రే చిక్కిపోయింది.

"నువ్వెందుకు మాలకీ?" అంది ఊనా.

"టికెట్టు కొన్నాగా."

"వాడు ఫెర్గల్ కాదు."

"తెలుసు. రాత్రంతా అదే తెలుసుకుంటూ కూర్చున్నా." బస్సు వైపే చూస్తూ అన్నాడు. "పడవ తిరగబడ్డప్పుడు ఏం జరిగిందో చూసినవాడు వాడొక్కడే. మాట లేదంటోంది ఈ పిల్ల. అయినా అడుగుతా. కళ్ళున్నాయిగా."

"కోపం లేదా?"

"ఎందుకు లేదు? వెళ్ళాక ఏం చేస్తానో నాకే తెలీదు. తన్నబుద్ధేస్తుందేమో."

"మంచంలో ఉన్నవాణ్ణి తంతావా?"

"మెల్లగా తంతా."

మరియన్‌కి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కళ్ళు నిండాయి. ఆమెకేసి మొదటిసారి తిరిగి చూశాడు మాలకీ.

"మా ఇంటిపేరు పెట్టుకుని అన్నేళ్ళు బతికాడు. కష్టపడ్డాడు, పెళ్ళి చేసుకున్నాడు, నిన్ను పెంచాడు. మా తమ్ముడు చేయాల్సినవన్నీ వాడి పేరుమీద ఎవడో ఒకడు చేశాడు." పెట్టెకి కట్టిన తాడు బిగించుకున్నాడు. "ఆ పేరుగల మనిషి జబ్బుపడి మంచంలో ఉంటే, చూడ్డానికి కిల్లూరీల నుంచి ఒక్కరూ రాకపోతే ఎలా?"

బస్సు ఆగింది. మరియన్ ముందు ఎక్కింది. అలవాటుకొద్దీ డ్రైవరు చేతుల వైపు చూసి, వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఊనా మధ్యలో కిటికీ పక్కన కూర్చుంది. మాలకీ పెట్టె పైన పెట్టి, సీటు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలా అన్నట్టు నిలబడ్డాడు. బస్సు కదిలింది. ఊనా పక్క సీటు మీంచి తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.